గాజులో ఒదిగిన విషం

"కాగితాలు వాని చేతికియ్యొద్దే జయా, కింద పెట్టు" అంది మా అత్త భీమాబాయి.

నేను బయట చేరి ఆ రోజుకు మూడో రోజు. వసారా చివర చాప మీద ఒంటరిగా కూర్చొని మా ఆయన ప్రసంగం రాస్తున్నాను. ఆయన గురురాజ, తారాపూర్‌లో అణు వ్యర్థాలను గాజుగా మార్చే చోట ఇంజనీరు. నేను ఆదోనిలో అత్తకు వండిపెట్టే కోడలిని. సెలవుకు వచ్చిన ఆయన్ను ఊరి లైబ్రరీ సభలో తెలుగులో మాట్లాడమన్నారు; ఆయనకు చదవడం వచ్చు గానీ తెలుగులో రాయడం చేతకాదు. ఆయన ఇంగ్లీషు కలిపి చెబుతుంటే, అర్థం కాని చోటల్లా అడుగుతూ రాశాను. విషద్రవాన్ని గాజుపొడితో కలిపి కొలిమిలో కరిగించి, ఉక్కు డబ్బాల్లో పోసి గడ్డ కట్టిస్తారట.

"అప్పుడు విషం చచ్చిపోతుందా?"

"సావదు. గాజులో కలిసిపోతాది. నీళ్లు తగిలినా బయటికి రాదు."

రోజూ అంట్లు తోమే నా చేతుల గాజుల వైపు చూసుకున్నాను. పైపూత గాజుల రంగు నెలకే పోతుంది. గాజులోనే కలిసిన రంగు ఎంత తోమినా నీళ్లలోకి దిగదు. అదే రాసి వినిపిస్తే ఆయన మురిసిపోయి, "సభలో నీ పేరు చెప్తా" అన్నారు. పెళ్లయినప్పటి నుంచి నా పేరు వంటింటి అవతల ఎవరూ పలకలేదు.

మైల పోవాలని అత్త కాగితాల మీద నీళ్లు చల్లింది.

"అమ్మా, ఇంకు!"

"నాలుగు చుక్కలకేమయితాదప్పా?"

తిరగరాస్తానన్నాను. ఆరితే చాలులే అన్నారాయన.

మరునాడు తలస్నానం చేసి సభకు వెళ్లాను. చదువుతూ నా గాజుల మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగిపోయారు. కాగితం వెలుతురుకెత్తి చూశారు. జనం దగ్గడం మొదలుపెట్టారు. నేను లేచి, అలుక్కుపోయిన ఆ మాటలు చెప్పాను.

సభకు అధ్యక్షత వహించిన మధుసూదనరావు పంతులు నవ్వి, "ఏమప్పా గురురాజా, రాసింది నువ్వా, మీ ఇంటామెనా?" అన్నారు.

ఆయన నా వైపు చూశారు. ఇప్పుడు నా పేరు చెబుతారనుకున్నాను.

"ఆమెకేం తెలుసు సార్! నేను వల్లెవేస్తాంటే వినింటాది. మా ఇంట్లో పంజరం లేదు గానీ చిలకుంది."

సభంతా నవ్వింది. అందరికన్నా ముందు అత్త.

ఇంట్లో అన్నానికి కూర్చొని, "ఆదివారం ఎమ్మిగనూరులో చెప్పమన్నారు. ఇంకో రెండు పేజీలు పెంచి రాసియ్యి" అన్నారు.

"రాయను."

"అలిగినావా? తమాషాకన్నాలే."

"తమాషాకైనా నా పేరు మీ నోట రాలేదు."

"వద్దులే. ఈ కాగితాలే సదువుతా."

"చదవండి. నేనూ వస్తాను. ముందు వరసలోనే కూర్చుంటాను. మీరు ఆగిపోతే మాత్రం అందించను."