బావ చేర్చిన లైన్లు

మరదలికి బావ మీద అనుమానం ఈనాటిది కాదు. అక్క పెళ్ళయిన దగ్గర్నుంచీ అతను నవ్వితే ఒక అనుమానం, నవ్వకపోతే ఇంకోటి. అలాంటి మనిషి పనిచేసే ఆఫీసులోనే ఆమెకూ ఉద్యోగం దొరకడం ఆమె ఖర్మ. అదీ ఇంకా పర్మనెంటు కాలేదు. పశువుల ఆసుపత్రికి రాసిన వెబ్ అప్లికేషన్ ఈ మధ్యాహ్నం డాక్టరుగారి ముందు సవ్యంగా నడిస్తేనే అవుతుంది.

అందులో ఆమె సొంత పనితనం ఒకటుంది. ఏ జంతువుకు ఏ మందులు పడవో డాక్టరు పేజీలో టైపు చేస్తే, ఆ మాటల్ని విడదీసి ప్రోగ్రాముకు అందించే బైండర్. ప్రోగ్రాములో ఒక్కో రకానికి ఒక్కో నమూనా ఉంటుంది, దాన్నే క్లాసు అంటారు. బైండర్‌ను ఏ క్లాసుకు వాడాలో చెప్పే రిజిస్ట్రేషన్‌ను ఆమె 'జంతువు' అనే తల్లి క్లాసు పేరున చేసింది. కుక్క, పిల్లి, పక్షి దాని పిల్ల క్లాసులే కదా, తల్లికి ఉన్నది పిల్లలకు రాకుండా ఎక్కడికి పోతుందని ధీమా.

పొద్దున్నే వచ్చి చూస్తే ఆ ఫైల్లో కొత్త లైన్లు. అదే బైండర్‌ను కుక్కకు, పిల్లికి, పక్షికి విడివిడిగా ఎవరో రిజిస్టర్ చేశారు. ఎవరా అని చూస్తే, ఇంకెవరు, బావ. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఊరికే వేలు పెడతాడా? అడిగితే ఏదో ఒకటి చెప్పి నోరు మూయిస్తాడు. అందుకే అడగలేదు. మేనేజరు దగ్గరికి వెళ్ళి, "సార్, మా బావ నా కోడ్ కెలుకుతున్నారు" అని చెప్పి వచ్చి, ఆ లైన్లన్నీ పీకేసింది. జంతువు పేజీలో నడిపి చూసుకుంది. నిక్షేపంలా నడిచింది.

మధ్యాహ్నం డాక్టరుగారు నేరుగా కుక్క పేజీ తెరిచారు. పడని మందు పేరు టైపు చేసి, సేవ్ నొక్కి, మళ్ళీ తెరిచారు. ఆ గడి ఖాళీ.

"ఇది నమ్మి మావాళ్ళు అదే సూది వేస్తే కుక్క చస్తుందమ్మా," అన్నారాయన.

మేనేజరు బావ వైపు తిరిగాడు. "ఏంటయ్యా ఇది? ఏం కెలికావు? ఆ అమ్మాయి పొద్దున్నే చెప్పింది."

ఆమెకు అప్పుడు వెలిగింది. తల్లి పేరున రిజిస్టర్ చేస్తే అది తల్లికే. పిల్లలకు విడిగా చేయాల్సిందే. బావ చేసింది అదే. తను పీకేసిందీ అదే.

బావ ఎదురుగా కంప్యూటరుంది, ఎవరు ఏ లైను మార్చారో చూపే హిస్టరీ తెరిస్తే ఆమె పేరే కనిపిస్తుంది. అయినా చెయ్యి కదపలేదు. ఈ మౌనం వెనక ఏ ఎత్తు ఉందోనని అప్పుడు కూడా ఆమెకు అనుమానమే వచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది.

"బావ సరిగ్గానే పెట్టారు సార్. ఎందుకో అడక్కుండా తీసేసింది నేనే."

"నీ పర్మనెంటు సంగతి తర్వాత మాట్లాడదాం," అన్నాడు మేనేజరు.

బావ తన కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాడు.

"ముందు ఆ లైన్లు మళ్ళీ పెట్టు, మరదలా. నువ్వు ఒప్పుకుంటావని నేనూ అనుకోలేదులే."