ఫోకస్‌కి నిలబడిన మనిషి

పెళ్లయిన కొత్తలో ఫొటో స్టూడియో ఆయన సముద్రానికి తీసుకెళ్తానంటే భార్య ఎగిరి గంతేసింది. తీరా వెళ్లాక తెలిసింది, ఆయన చూడబోయేది సముద్రాన్నీ కాదు, ఆవిడనూ కాదని. ఇసుకను ఆనుకునే విమానాశ్రయం గోడ ఉంది. సముద్రం మీదుగా వచ్చే విమానాలు జనం జుట్టు చెదరగొట్టి, గోడ దాటి దిగేవి. వాటిని ఫొటో తీయడం ఆయన పిచ్చి.

ఆయన గోడకు వీపు ఆనించి, "పడవలు కట్టే ఆ గుంజ దగ్గర నిలబడు" అన్నాడు. ఆవిడ జడ సర్దుకుని, గడ్డం కాస్త పైకెత్తి నవ్వింది. ఆయన లెన్సు తిప్పి, "ఆఁ, కుదిరింది. ఇక కూర్చో" అన్నాడు.

"కూర్చోవడమేంటండీ?"

"నీమీద ఫోకస్ పెట్టుకున్నా. విమానం సరిగ్గా అక్కడికే వస్తుంది. నీ తల అడ్డం."

అలా ఆవిడ ఫోకస్ మనిషైంది. సెలవు రోజొస్తే చాలు, గుంజ పక్కన నిలబడడం, వెనక మోత వినగానే ఇసుకలో చతికిలబడడం. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఆయన మడతకుర్చీ మోసుకొచ్చాడు. అంత ప్రేమ! స్టూడియో గోడల నిండా విమానాలే. ఎవరైనా మెచ్చుకుంటే ఆవిడ, "ఆ చక్రాల కింద నేనున్నాను" అనేది. నమ్మినవాళ్లు లేరు.

స్టూడియో మూతపడి, ఆ ఫొటోలన్నీ ఇంట్లో హాల్లోకి చేరి చాలాకాలమైంది. ఇప్పుడు విమానాశ్రయమూ ఊరవతలికి వెళ్లిపోతోంది. ఈ సాయంత్రం దిగేదే ఆఖరి విమానం.

"ఈసారి నేను కూర్చోను. నేనూ అదీ ఒకే ఫొటోలో పడాలి. మళ్లీ కుదరదు" అంది ఆవిడ.

"ఆఖరిదానికి కూడా నీ తల అడ్డమా?"

"అయితే రేపట్నుంచి ఆ విమానాన్నే కాఫీ పెట్టమనండి."

ఆయన పాత కెమెరాలో రీలు ఎక్కించాడు.

ఒడ్డంతా ఫోన్లెత్తిన జనం. గుంజ సగం విరిగింది గానీ ఉంది. ఆవిడ దాని పక్కన నిలబడి నవ్వు సర్దుకుంది. ఆయన కెమెరా కంటికి ఆనించాడు. "గడ్డం పైకి... అదీ!" వెనక మోత మొదలైంది, పెరిగింది, గుండెల్లోకి దిగింది. నీడ ఆవిడ మీదుగా పరిగెత్తింది. గాలి ఇసుకను మొహాన కొట్టింది.

కళ్లు తెరిచి చూసుకుంటే, ఆవిడ ఇసుకలో చతికిలబడి ఉంది. ఇంట్లో దేనికీ వంగనని మొండికేసే మోకాళ్లు, ఆ మోతకు మాత్రం ఆవిణ్ని అడక్కుండానే వంగిపోయాయి.

"తీశారా?" అంది నీరసంగా.

"లేదు."

"విమానాన్నైనా తీయలేదా?"

"కెమెరా అద్దంలో నువ్వు కనబడకపోతే వెతుక్కున్నా. ఈలోగా అది వెళ్లిపోయింది."

ఆవిడకు ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. జనం ఫోన్లు జేబుల్లో పెట్టుకుని వెళ్లిపోతున్నారు. ఆయన వచ్చి చెయ్యందించాడు.

"లే, నిలబడు."

"ఇంకెందుకు? విమానమేదీ?"

"దాన్ని బోలెడుసార్లు తీశాను."

ఆయన గోడ దగ్గరికి వెళ్లి, లెన్సును అటూ ఇటూ చాలాసేపు తిప్పాడు.

"కుదిరిందా? కూర్చోనా?"

"కూర్చున్నావంటే ఊరుకోను!"

ఆ ఫొటో ఇప్పుడు హాల్లో ఉంది. చెదిరిన జుట్టు, చెంపకు ఇసుక, వెనక ఉత్త ఆకాశం. అన్ని విమానాల మధ్య ఇదేమిటని అడిగినవాళ్లకు ఆవిడ తాపీగా చెబుతుంది:

"విమానం అడ్డమొస్తుంటే తప్పుకోమన్నాం."