సూరన్న కళాసీ అయిన సంగతి

ముప్పయ్యొక్క ఏళ్ళు రేవులో పనిచేసి, అందులో చివరి పద్నాలుగేళ్ళు లాంచీ నడిపే సరంగుగా ఉండి, దండలు వేయించుకుని రిటైరైన సూరన్నను ఒక ఆదివారం పొద్దున్న ఫోను కళాసీని చేసేసింది.

చేసింది నిజానికి కోడలు పుష్పరాణి. గంగ ఒడ్డున గార్డెన్ రీచ్ రేవులో స్థిరపడ్డ తెలుగువాళ్ళ కోసం మైథిలి అనే అమ్మాయి ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక పెట్టింది. హైదరాబాదు నుంచి ఉద్యోగానికి వచ్చిన పిల్ల. ఇక్కడి జనం మీద ఇష్టం కొద్దీ సభ్యుల హోదాలకు రేవు పేర్లే పెట్టింది. కొత్తగా చేరినవాళ్ళు, లాంచీలో తాళ్ళు లాగే అట్టడుగు పనివాళ్ళలా, కళాసీలు. యాభై మార్కులొస్తే వాళ్ళ మీద తండేలు. మూడువందలు దాటితే సరంగు, పేరు పక్కన బంగారు లంగరు. ఏం రాసినా, ఎక్కడ రాసినా, రాతకొక మార్కు. పుష్పరాణి మామగారి పేరు నమోదు చేసి ఫోను చేతికిచ్చింది. సూరన్న కళ్ళజోడు సర్దుకుని చూస్తే పేరు కింద "కళాసీ" అని ఉంది.

"ఇదేటమ్మా, తప్పు పడింది. దిద్దు."

"తప్పు కాదు మావా. కొత్తోళ్ళందరికీ అదే."

"నాను కొత్తోణ్ణేటి?" అన్నాడు సూరన్న.

అక్కడితో ఆగినా బాగుండేది. తెర కిందికి జరిపేసరికి గోవిందరాజు కనిపించాడు. పద్నాలుగేళ్ళు తన లాంచీలో తాళ్ళు చుట్టిన గోవిందరాజు. తను కన్నెర్రజేస్తే బకెట్టు పట్టుకుని పరుగెత్తిన గోవిందరాజు. అతని పేరు పక్కన బంగారు లంగరు ధగధగలాడుతోంది.

సూరన్నకు ఒళ్ళు మండిపోయింది. గోవిందరాజు చదవలేడు, రాయలేడు. రాత పరీక్ష గట్టెక్కలేక కళాసీగా చేరి కళాసీగానే దిగిపోయిన మనిషి. ఇప్పటి ఫోన్లు మనం మాట్లాడితే రాసిపెడతాయి, నొక్కితే చదివి వినిపిస్తాయి. ఆ ధైర్యంతో అతను ఆరు నెలలుగా రోజూ పొద్దున్నే గులాబీ బొమ్మ మీద శుభోదయం అని, వేదికలోని వైద్యం గదిలో ఒకటి, వంటల గదిలో ఒకటి, అద్దె ఇళ్ళ గదిలో ఒకటి అతికిస్తూ పోయాడు. సరంగు కావడానికి తనకు పదిహేడేళ్ళు పట్టింది. వీడికి గులాబీలు సరిపోయాయి.

సర్వీసులో అన్యాయం జరిగితే ఏం చెయ్యాలో సూరన్నకు బాగా తెలుసు. ఆ మధ్యాహ్నమే మైథిలికి అర్జీ పెట్టుకున్నాడు. తాను సరంగుగా పదవీ విరమణ చేసినవాడనీ, తన కింద పనిచేసినవాణ్ణి తన మీద కూర్చోబెట్టడం సీనియారిటీకి విరుద్ధమనీ, తక్షణం సరిదిద్దగలరనీ, సర్వీసు పుస్తకం నకలు జతపరచడమైనదనీ రాశాడు. పుష్పరాణి నవ్వు ఆపుకుంటూ ఆ కాగితాలను ఫొటో తీసి పంపింది.

"తాతగారూ, అది నిజం ఉద్యోగం కాదండీ. మార్కులు యంత్రమే లెక్కేస్తుంది. మీరూ నాలుగు మాటలు రాస్తూ ఉండండి, అదే పెరుగుతుంది" అని ఆ అమ్మాయి మర్యాదగా జవాబిచ్చింది.

నాలుగు మాటలెందుకు, ఒకటి చాలనుకున్నాడు సూరన్న. ఎవరేం రాసినా కింద "చూశాను" అని పెట్టడం మొదలెట్టాడు. మెటియాబ్రుజ్‌లో గది అద్దెకు ఉందంటే చూశాను. మోకాళ్ళ నొప్పికి నూనె అంటే చూశాను. జగ్గమ్మ పాత గ్యాస్ పొయ్యి అమ్ముతానంటే చూశాను. నలభై ఒకటో చూశాను దగ్గర యంత్రం అతని నోరు నొక్కేసింది, రెండు రోజులు ఏమీ రాయకూడదని. ఈలోగా జగ్గమ్మ ఇంటికే వచ్చింది.

"పొయ్యి సూసినానన్నారు కద బాబూ, ఎప్పుడు సూసినారు? మా ఇంటికి రానే నేదు. కొంతారా, కొనరా?"

ఆ పొయ్యి కొనేదాకా ఆమె కదలలేదు.

నోరు నొక్కితే ఊరుకునే సరంగు కాడు సూరన్న. రెండో అర్జీ రాశాడు. ఈసారి తన గొడవ ఎత్తలేదు. పువ్వులకూ శుభోదయాలకూ మార్కులిస్తే వేదికకు విలువేముంటుంది, ఒకరికి పనికొచ్చే మాటకే మార్కివ్వాలి కదా అని అడిగాడు. మైథిలికి అది సబబనిపించింది. ఆ వారమే కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి రాత కింద "ఉపయోగపడింది" అని ఒక మీట ఉంటుంది. చదివినవాళ్ళు దాన్ని నొక్కితేనే మార్కు. పాత మార్కులన్నీ రద్దు.

మర్నాడు తెల్లారేసరికి బంగారు లంగరు మాయమైంది. కళాసీ గోవిందరాజు. సూరన్న హుషారుగా జిలేబీలు తెప్పించి ఇల్లంతా పంచాడు. తనూ ఇంకా కళాసీయే అన్న సంగతి ఆ పూట గుర్తురాలేదు.

నాలుగు రోజులైనా గోవిందరాజు శుభోదయం రాలేదు. సాయంత్రం టీ కొట్టు దగ్గరికీ రాలేదు. అతని మొహం ఎలా ఉందో చూడాలన్న సరదా ఆపుకోలేక సూరన్నే వాళ్ళింటికి వెళ్ళాడు. గోవిందరాజు పెళ్ళాం తవిటమ్మ గుమ్మంలో చేపలు కడుగుతోంది.

"ఫోను ముట్టనేదు బాబూ" అంది ఆమె గొంతు తగ్గించి. "పనిలో ఉన్నన్నాళ్ళూ రాని సరంగు పేరు ఇప్పుడొచ్చినాదని ఎంత సంబరపడ్డాడో. మనవరాలు సరంగు తాతా, సరంగు తాతా అని పిలిసీది. ఇప్పుడది పిలిస్తే ఇటు తిరిగీసి కూకుంటన్నాడు."

లోపలినుంచి గోవిందరాజు వచ్చి, పాత అలవాటు ప్రకారం నిలబడే మాట్లాడాడు. "ఆ పిల్ల సేసింది నాయమే సరంగుబాబూ. నాకేటొచ్చు, పువ్వులంపడమే కద. ఆ పేరు మీకే అందం."

గెలిచాననుకుని వచ్చిన సూరన్నకు చెప్పలేనంత సిగ్గేసింది. ఇచ్చిన టీ సగం తాగి లేచాడు. గంగ ఒడ్డున నడుస్తుంటే, ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి లోపల మెదిలింది. సరంగు కళాసీని అడగడమేమిటని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు తనూ కళాసీయే. అడిగితే పోయేదేముంది?

ఇంటికొచ్చి, కోడలి సాయం లేకుండా, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ వేదికలో రాశాడు.

"కళాసీ సూరన్న అడుగుతున్నది. సముద్రపు పోటు నదిలోకి గోడలా ఎగదన్నుకొచ్చే బాన్ సంగతి మీ అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట మా లాంచీ జెట్టీకి కట్టి ఉంది. బాన్ వస్తుందని చెప్పిన వేళకు ఇంకా అరగంట ఉంది. నీటి మీద అల లేదు, చప్పుడు లేదు. తాడు విప్పి నడిగంగకు పోదాం అన్నాడు గోవిందరాజు. నాకేమీ తోచక అతను చెప్పినట్టే చేశాను. చెప్పిన వేళకంటే ముందే బాన్ వచ్చిపడి, జెట్టీకి కట్టిన మిగతా రెండు లాంచీలకూ పక్కలు పగిలాయి. మా లాంచీకి గీత పడలేదు. ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడు. నేను ఊరుకున్నాను. గోవిందరాజుగారూ, అది వస్తోందని మీకెలా తెలిసింది?"

'గారూ' దగ్గర చాలాసేపు ఆగాడు. ఆగి, ఉంచేశాడు.

ఆ రాత ఊరంతా చదివింది. తవిటమ్మ మొగుడి చెవి దగ్గర ఫోను పెట్టి రెండుసార్లు వినిపించిందట. గంట తర్వాత జవాబు పడింది, చుక్కా కామా లేకుండా.

"నీళ్ళేటి సెప్తాయి బాబూ నాను నీళ్ళకేసి సూడనేదు అవతలొడ్డున ఇలిశ్ సేపలు పట్టీ పడవ మాఝీలు వలలు సగంలో కోసీసి నడిగంగకు తెడ్లేసీసినారు అన్నం పెట్టీ వల ఎవడైనా ఉత్తినే కోసుకుంటాడేటి ఆళ్ళని సూసి సెప్పినాను"

మొదటి మీట సూరన్నే నొక్కాడు. పొద్దుగూకేలోగా అరవై మూడు మంది నొక్కారు. గోవిందరాజు తండేలయ్యాడు. నది సంగతులకు విడిగా ఒక గది తెరుస్తున్నాననీ, దాన్ని గోవిందరాజుగారే చూసుకోవాలనీ మైథిలి ప్రకటించింది.

సూరన్నకు మనసు తేలికైంది గానీ ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు. గోవిందరాజుకు ఫోన్ చేశాడు.

"ఇన్నేళ్ళూ ఈ ముక్క నాకు సెప్పనేదేటి?"

గోవిందరాజు, గొంతులో నిష్ఠూరం ఏమీ లేకుండా, "మీరడగనేదు కద బాబూ" అన్నాడు.

సూరన్న గోవిందరాజు జవాబును తెర మీద మళ్ళీ ఒకసారి చదివి ఫోను బల్ల మీద పెట్టాడు. పుష్పరాణి టీ తెచ్చి తెరకేసి తొంగి చూసింది.

"మావా, అంత రాసినావు, నీకు ఒక్క మార్కూ రానేదే. అందరూ ఆయనకే నొక్కీసినారు."

"రాకపోతే మానె. కళాసీనయితే ఎన్నయినా అడగొచ్చు" అంటూ సూరన్న ఫోను మళ్ళీ దగ్గరికి లాక్కుని, షాలిమార్ దగ్గరి ఇసకమేట ఏ నెలలో ఎటు జరుగుతుందని రెండో ప్రశ్న రాయడం మొదలుపెట్టాడు.