కత్తి దగ్గర ముగిసే ఫారం

మొదటి ఫారం మీద రెండోది, రెండోదాని మీద మూడోది. బైండరు పొడుగాటి బల్ల వెంట నడుస్తూ, ఒక్కో దొంతర నుంచి ఒక్కో ఫారం, అంటే పేజీలు అచ్చేసి మడిచిన కాగితం, తీసి ఎడమ అరచేతిలో పేర్చుకుంటున్నాడు. బల్ల చివరికి చేరేసరికి చేతిలో ఒక పుస్తకం తయారవుతుంది. దాన్ని బల్ల అంచుకేసి తట్టి, మడతలన్నీ ఒక్క గీతలా కలవగానే క్షణం ఆగుతాడు. ఇన్నేళ్లయినా ఆ క్షణం అతనికి కొత్తే. కిటికీలోంచి పడే పొద్దుటెండలో కాగితపు నూగు తేలుతోంది. మూల పొయ్యి మీద జిగురు మెల్లగా ఉడుకుతోంది.

ఈ మధ్యంతా పరిశుద్ధ గ్రంథమే కడుతున్నారు. అచ్చుకి అర్థంతో పని లేదు, పేజీలు నిండితే అక్కడికి ఫారం అయిపోతుంది. అలా రెండో ఫారం సరిగ్గా అబ్రాహాము కథ నడిమధ్యలో తెగింది. ఒక్కగానొక్క కొడుకుని బలి ఇమ్మన్నాడు దేవుడు. ముసలి తండ్రి మారుమాట్లాడకుండా కొడుకుని కొండెక్కించాడు, కట్టెల మీద కట్టి పడుకోబెట్టాడు, కత్తి ఎత్తాడు. ఆఖరి పేజీలో ఆఖరి వరుస అదే. ఆకాశం నుంచి ‘ఆగు’ అన్న పిలుపు, కొడుకుకి బదులు పొదలో చిక్కుకున్న పొట్టేలు మూడో ఫారంలో ఉన్నాయి.

“ఏం నాయనా, ఆ ముసలాయన చెయ్యి ఎంతసేపని ఎత్తి ఉంచుతావ్? రెక్కలు పీకవూ!” అంది కుట్టుపని చేసే పిన్ని, సూదిలోకి దారం ఎక్కిస్తూ. ఆమె రోజూ వేసే జోకే ఇది. “తొందరగా మూడోది పెట్టు, పాపం.”

రోజూ అయితే నవ్వి ఊరుకునేవాడు. ఇవాళ మూడో ఫారం మీద అరచెయ్యి ఆనించి, “మూడోది ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది పిన్నీ” అన్నాడు. “ఒక్కసారి కూడా లేకుండా పోలేదు.”

పిన్ని సూది కింద పెట్టింది. నిచ్చెన మీంచి పడ్డ అతని కొడుకు ఆసుపత్రిలో ఊపిరి మిషను మీద ఉన్నాడని ఆమెకి తెలుసు. మెదడు కోలుకోలేనంతగా దెబ్బతింది, ఇక లేవడు, మిషను తీసేద్దామని డాక్టర్లు చెబుతున్నారనీ తెలుసు. తల్లి ఏడ్చి ఏడ్చి చివరికి సరేనంది. తండ్రే ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు. ఇవాళ పొద్దున తనంతట తనే ఆసుపత్రికి ఫోన్ చేసి, మధ్యాహ్నం వస్తున్నాను, తీసేయండి అన్నాడు.

“గుండె రాయి చేసుకున్నావా నాయనా?”

“రాయి ఎందుకు పిన్నీ?” అన్నాడు తేలిగ్గా. జిగురు చేతులు కడుక్కుని, అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకున్నాడు. చాలా రోజులకి అతను దువ్వెన పట్టుకోవడం చూసి పిన్నికెందుకో భయం వేసింది.

ఆసుపత్రి గదిలో అతని భార్య కొడుకు పాదాలు దుప్పటిలోకి సర్దుతోంది. భర్త రాగానే పక్కకి జరిగి కుర్చీలో చోటిచ్చింది. ఇద్దరూ ఒకే కుర్చీ అంచుల మీద ఇరుక్కుని కూర్చున్నారు. అలవాటుగా ఆమె అతని చెయ్యి ఒళ్లోకి లాక్కుని, మణికట్టు మీద ఎండిన జిగురు గోటితో ఒలవసాగింది. పెళ్లయిన కొత్తలో సాయంత్రాలు ఇదే పని. వేళ్ల మీంచి ఉల్లిపొరలా చిరగకుండా పెద్ద ముక్క ఊడొస్తే దీపం ముందు పట్టుకుని, “మీ వేలిముద్రలు చూడండి!” అని పకపకా నవ్వేది. కొడుకు పుట్టాక వాడూ పోటీకి వచ్చేవాడు.

“సంచిలో ఏంటండీ?”

“కళ్లజోడు. వాడు పడ్డప్పుడు పగిలింది కదా. వచ్చే దారిలో కొత్త అద్దాలు వేయించాను.”

ఆమె వేళ్లు ఆగిపోయాయి. “ఇప్పుడెందుకండీ?”

“అది లేకపోతే వాడికి గుమ్మం కూడా కనపడదు. లేవగానే అడుగుతాడు.” అతను లేచి, చొక్కా అంచుతో అద్దాలు తుడిచి, రెండు కాడలూ విప్పి కిటికీ గట్టు మీద పెట్టాడు. కొడుక్కి అందుతుందో లేదో చూసుకుని ఇంకాస్త ముందుకి జరిపాడు.

అప్పుడర్థమైంది ఆమెకి. ఆయన ఒప్పుకున్నది కొడుకుని వదులుకోవడానికి కాదు.

“ఏమండీ, మీరు సరేనన్నది…”

“ఇన్నాళ్లూ నేనే తప్పు చేశానే. చెయ్యి ఎత్తకముందే ఆపమని దేవుణ్ణి అడుగుతూ కూచున్నాను. అబ్రాహాము కత్తి ఎత్తాక కదా ఆపాడు? ఎత్తకముందు కాదు.”

“ఆపకపోతే?”

అతను కళ్లజోడుని కాస్త మంచం వైపు తిప్పాడు. చిన్నపిల్లాడిలా వెలిగిపోతున్న ఆ ముఖం చూడలేక ఆమె తల తిప్పుకుంది.

“ఇంకా డాక్టరమ్మ రాలేదు. ఆగమని నేను చెప్తాను” అని లేవబోయింది.

అతను ఆమె కొంగు పట్టుకున్నాడు. “వద్దు. మనం ఆపేస్తే ఇక ఆయన ఆపడానికేముంది?”

డాక్టరమ్మ వచ్చింది. గొంతు తగ్గించి, “ఇద్దరిదీ ఒకటే మాటా?” అని అడిగింది. “ఒకటేనమ్మా” అన్నాడతను. భార్య నేలచూపులు చూస్తూ తలూపింది.

మిషను ఆపారు. గొట్టం తీశారు. బైండరు కొడుకు ముఖం వైపు చూడలేదు. తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. నర్సు చెప్పు కిర్రుమన్నా ఉలిక్కిపడ్డాడు. కొడుకు ఛాతీ ఒకసారి లేచింది, చాలాసేపటికి మళ్లీ లేచింది. అంతలో తలుపు నిజంగానే తెరుచుకుంది. అతను రెండడుగులు ముందుకి వేశాడు.

చేతిలో ఫ్లాస్కుతో ఎవరో కుర్రాడు, ముఖమంతా నవ్వు. “ప్రసవాల వార్డు ఇదేనాండీ?”

“పైన బాబూ” అంది తల్లి. తలుపు మూసుకుంది.

ఆమె మళ్లీ ఇటు తిరిగేసరికి దుప్పటి కదలడం లేదు. డాక్టరమ్మ కొడుకు మెడ మీద వేళ్లుంచి చూసి, మెల్లగా తీసేసింది.

“నేను ఎత్తాను కదే” అన్నాడతను.

“ఎత్తారు.”

“మనసులో ఏం దాచుకోకుండానే ఎత్తాను.”

“నాకు తెలుసండీ.”

“మరి?”

ఆమె అతని నడుం చుట్టూ చెయ్యి వేసి, మెట్లు ఎక్కడున్నాయో తెలియనివాణ్ణి నడిపించినట్టు బయటికి నడిపించుకుపోయింది. మనుషులొచ్చి కొడుకుని తీసుకెళ్లారు. పక్క దులిపారు, దిండు మార్చారు. కాడలు విప్పి మంచం వైపు తిప్పిన కళ్లజోడు మాత్రం గట్టు మీదే ఉండిపోయింది. తుడిచిన అద్దాల గుండా దిగిన ఎండ ఉతికిన దిండు మీద రెండు చిన్న గుండ్రాలుగా పడుతోంది.