వదిన మూట విప్పిన రోజు

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ వదినే. తనకన్నా పెద్దవాళ్లు కూడా అలా పిలుస్తుంటే మొదట్లో ఉడుక్కునేది గానీ, తర్వాత అలవాటుపడిపోయింది. ఆవిడ భర్తకు కలుపు మందు ఫ్యాక్టరీలో డ్రమ్ములు నింపుతూనే జుట్టు నెరిసింది. దాంతోపాటు చెంపల మీద, చెవుల వెనకాల నల్లటి మొటిమలు లేచాయి. ఆ షిఫ్టులో సగం మందికి అవే మొటిమలు.

"వయసు మొటిమలే! ఇంకా కుర్రాణ్ణి," అని ఆయన నవ్వేసేవాడు.

"ఆహా, మనవళ్లని ఎత్తుకునేటప్పుడు వచ్చిందా మీకు వయసు?" అని వదిన దెప్పేది.

ఒక వేసవిలో ఆ నవ్వులు ఆగిపోయాయి. వదిన ముంజేతుల మీద కూడా అచ్చం అలాంటివే తేలాయి. ఆయన ఆ చేతులు పట్టుకుని చూసి, అన్నం ముందు నుంచి లేచిపోయాడు. తన మొహం ఏమైపోయినా పట్టించుకోని మనిషి, మర్నాడు సెలవు పెట్టి మరీ ఆవిణ్ణి చర్మం డాక్టరు దగ్గరికి లాక్కుపోయాడు.

డాక్టరమ్మ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆయన చెంపలు, ఈవిడ చేతులు మార్చి మార్చి చూసింది.

"ఈయన పని బట్టలు ఎవరు ఉతుకుతారమ్మా?"

"ఇంకెవరు, నేనే. ఈయన చేత ఉతికిస్తే చొక్కాకి చేతులు మిగలవు."

డాక్టరమ్మ నవ్వింది. ఆ తర్వాత మెల్లగా విడమరిచి చెప్పింది. మందు తయారయ్యేటప్పుడు దాంతోపాటు ఒక విషం పుడుతుంది. ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుంటుంది. ఆయనకు పనిలో అంటింది, ఆవిడకు బట్టల్లోంచి అంటింది. రక్తం పరీక్ష చేయిస్తే ఆయన కాలేయం కూడా కాస్త దెబ్బతిన్నదని తేలింది. "ఆయన ఆ పని మానాలి. ఆ బట్టలు ఇంటి గడప తొక్కకూడదు," అంది.

"నా వల్లే కదే," అన్నాడాయన దారిలో.

"మీరేమన్నా కావాలని పూశారా? ఏడుపు మొహం పెట్టకండి. ఆ మొహానికి మొటిమలు చాలు."

ఆ సాయంత్రం వదిన ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల ఇల్లిల్లూ తిరిగి, తలుపు తీసిన ప్రతి ఆడమనిషినీ చేతులు చూపించమంది. చాలామందికి అవే మొటిమలు. వేడి చేసిందని ఒకరు, సబ్బు పడలేదని ఒకరు సరిపెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, మురికి బట్టల మూటలతో ఆడవాళ్ల దండు ఫ్యాక్టరీకి కదిలింది. వాచ్‌మన్ అడ్డం రాబోయాడు. గుంపులో తన పెళ్లాం కూడా కనబడేసరికి గేటు తీసి, ఏమీ చూడనట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

"మన మందుతో ఏ హానీ లేదని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" అన్నాడు మేనేజరు.

"లేదన్నారుగా! అందుకే మీకే ఇచ్చిపోదామని తెచ్చాం," అంటూ వదిన మూట ముడి విప్పి ఆయన బల్ల మీద పెట్టబోయింది.

మేనేజరు కుర్చీతో సహా గోడదాకా జరిగిపోయాడు. "అయ్యయ్యో, ఇక్కడ పెట్టకండి! అది విషం!"

అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

"అంటే సార్, మా ఇంట్లో ఉంటే మందు, మీ బల్ల మీదికొస్తే విషమా?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరండాలోకి, అక్కణ్ణుంచి పని ఆపి వచ్చిన మగవాళ్లలోకి పాకింది. ఆడవాళ్లు మూటలతో సహా అక్కడే చతికిలబడ్డారు. మగవాళ్లు ఆ రోజు డ్రమ్ము ముట్టుకోలేదు, మర్నాడూ ముట్టుకోలేదు. మేనేజరు చెమటలు తుడుచుకుంటూ పైవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు కొట్టాడు.

చివరికి కంపెనీ దిగొచ్చింది. కారే గొట్టాలు మార్చారు. స్నానాల గదులు కట్టారు. బట్టలు ఉతికే యంత్రాలు లోపలే పెట్టారు. వాటి దగ్గర పనిచేసేవాళ్లకు తొడుగులు ఇవ్వాల్సిందేనని వదిన పట్టుబట్టి ఒప్పించింది. మొగుళ్లతోపాటు పెళ్లాలకూ వైద్య పరీక్షలు మొదలయ్యాయి. వదిన భర్తను మందుకు దూరంగా స్టోరుకు మార్చారు.

వదిన చేతులు నున్నబడుతున్నాయి. ఆయన మొహానికి చాలాకాలం పడుతుందని, కాలేయం జబ్బు మాత్రం ఇక ముదరలేదని డాక్టరమ్మ చెప్పింది.

ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి వదిన ఊరికే కూర్చుని ఉంది.

"ఉతకడానికి ఏమీ లేకపోతే తోచట్లేదండీ."

"అయితే సినిమాకి పోదాం పద."

అన్నదే తడవుగా వదిన చీర మార్చి, చెప్పులు తొడిగి, బయట తలుపుకు తాళం కూడా వేసేసింది.

"ముందు నన్ను బయటికి రానివ్వవే!" అని లోపల్నుంచి కేక వినబడింది.