లారీ అమ్మిన డబ్బు

ఆడిటర్ పెన్ను మూత తీసి ఆగాడు. ఎదురుగా కూర్చున్న టైలరమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఇంత సొమ్ము ఇచ్చిన ఈయన మీకేమవుతారు?"

"నాన్న."

పక్క కుర్చీలో పెద్దాయన కాస్త నిటారుగా సర్దుకున్నాడు. జన్మంతా నడిపిన లారీని పోయిన నెల అమ్మేసి, వచ్చిందంతా ఆమె ఖాతాలో వేశాడు. ఇంకొకరి కొట్లో కుట్టింది చాలు, సొంత కొట్టు పెట్టుకోమన్నాడు.

ఆడిటర్ కూపీ లాగడం మొదలుపెట్టాడు. కన్నతండ్రా అంటే కాదు. దత్తత తీసుకున్నాడా అంటే లేదు. పోనీ ఆమె తల్లిని పెళ్లాడాడా అంటే పెద్దాయన నేలచూపులు చూశాడు. ఈ లోడు దించి వచ్చాక రిజిస్టరాఫీసుకు వెళ్దామని ప్రతిసారీ అనేవాడు. లోడు మీద లోడు పడింది. ఈలోగా ఆవిడ కన్నుమూసింది.

అయితే చట్టం లెక్కలో ఈయన బయటివాడేనని ఆడిటర్ తేల్చేశాడు. తండ్రి ఇస్తే పన్ను ఉండదు. బయటివాళ్లు ఇంత పెద్ద మొత్తం ఇస్తే, పుచ్చుకున్న మనిషి దాన్ని ఆదాయంలో చూపించి పన్ను కట్టాలి. ఎంత కట్టాలో వినగానే ఆమె కొందామనుకున్న రెండు మిషన్లలో ఒకటి గాల్లో కలిసిపోయింది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అప్పుగా ఇచ్చానని రాయండి బాబూ. అప్పుకి పన్ను లేదంటగా."

రాయొచ్చన్నాడు ఆడిటర్. కాకపోతే అది నిజంగా అప్పే కావాలి. పత్రం రాసుకోవాలి, నెలనెలా వాయిదా కట్టాలి.

"కడుతుందిలెండి. ఆ డబ్బు మళ్లీ దానికోసమే దాచిపెడతా."

"నాకక్కర్లేదు," అంది ఆమె. "నాకు జ్వరమొచ్చిందని తెలిస్తే లారీ దారిలోనే వదిలేసి వచ్చేవాడివి. దానికీ వాయిదాలు కట్టమంటావా నాన్నా?"

"పిచ్చిదానా, మిషన్ పోతుందే."

"ఒక మిషన్‌తో మొదలుపెడతా. నువ్విచ్చింది ఇచ్చినట్టే ఉండాలి."

"మొండిఘటం. అచ్చం మీ అమ్మే," అని ఆడిటర్‌కు చెప్పుకున్నాడాయన, గర్వం దాచుకోలేక.

ఆడిటర్ కాగితం ఆమె ముందుకు జరిపాడు. ఇచ్చినవారితో సంబంధం అని ఉన్నచోట ఆమె పెన్ను కాసేపు కదల్లేదు. తర్వాత 'ఏమీ లేదు' అని గబగబా రాసి, పెద్దాయన వంగి చూడబోతుంటే అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చదవకు నాన్నా. అది వాళ్ల కోసం."

"నాకు కళ్లజోడు లేందే కనపడదులే," అన్నాడాయన, ముక్కు మీది కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటూ.