కుదురొచ్చిన పిల్ల

స్టవ్ మీద పాలు పొంగి గట్టంతా కారుతుంటే పద్మకుమారి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పాలు పెట్టిన సంగతే మరిచిపోయింది.

"తల్లికే కుదురు నేదు, పిల్లకెక్కడ్నించొస్తాది?" అంది అత్త జగ్గమ్మ.

ఆ పిల్ల అరుణశ్రీ. గజపతినగరంలో ఆరో తరగతి. బెంచీ మీద నిలవదు, మాట పూర్తికాకుండానే జవాబు చెప్పేస్తుంది, పుస్తకాలు ఎక్కడో వదిలేసి వస్తుంది. స్కూలువాళ్ల మాటలు పడలేక విజయనగరం తీసుకెళ్తే, డాక్టరమ్మ దాన్ని ఏడీహెచ్‌డీ అంటారంది, ధ్యాసనీ ఒంటినీ ఒకచోట నిలవనివ్వని మెదడు తీరంది. పొగరూ కాదు, పెంపకంలో లోపమూ కాదంది. మందుతోపాటు ఒళ్లూ బుర్రా కలిసి పనిచేసే ఆటేదైనా నేర్పించమంది. "మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా?" అని అడిగితే, "ఇదిగో, ఈవిడే" అని భర్త నరేష్ నవ్వాడు.

పద్మకుమారికి నవ్వు రాలేదు. తిరుగు బస్సులో, చిన్నప్పుడు అమ్మ తనను మంచం కోడుకి కట్టేసిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. "బుర్ర నేదేటే నీకు?" అన్న మాట అమ్మ నోటినుంచి మొగుడి నోటికి మారిందంతే. తనను ఏ డాక్టరుకీ చూపించలేదు. కొట్టి కూర్చోబెట్టారు.

హైస్కూలు మైదానంలో గంగరాజు మాస్టారు కర్రసాము నేర్పుతుంటే కూతుర్ని అక్కడ చేర్చింది. ఎదుటి కర్ర ఎటొస్తుందో కనిపెట్టాలి, అడుగు మార్చాలి, దెబ్బల వరస తప్పకూడదు. లెక్కల ముందు నిలవని పిల్ల అక్కడ కన్నార్పేది కాదు. ఇంటికొచ్చి, చెమట ఆరకముందే హోంవర్కుకి కూర్చునేది.

ఏడాది తిరక్కుండా పెద్దమనిషైంది. "ఇంక మగపిల్లల్తోటి ఆ కర్రలేటి? మందులేస్తన్నాం గదా" అని నరేష్ కర్రసాము మాన్పించేశాడు.

అరుణశ్రీ మాటలు తగ్గించేసింది. పిలిస్తే వచ్చేది, కూర్చోమంటే కూర్చునేది. "సూసావా, కుదురొచ్చింది దానికి" అని జగ్గమ్మ మురిసిపోయింది. ఒకరోజు జడ వేస్తూ పద్మకుమారి కూతురి చేతులు చూసింది. గోళ్ల చుట్టూ చర్మం నెత్తురొచ్చేలా పీకేసి ఉంది. ఆ కుదురేమిటో ఆమెకు తెలుసు. తనకూ అలాగే వచ్చింది.

ఆ సాయంత్రం వంట వదిలేసి, కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మం దిగింది.

"ఎక్కడికే? వద్దన్నానా నేను!" అన్నాడు నరేష్.

"విన్నాను" అని, ఆగకుండా నడిచింది.

మైదానంలో కర్రలు పరిచి ఉన్నాయి. ఒకప్పుడైతే పిల్ల పరిగెత్తేది. ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడి, చుట్టూ చూసి, నెమ్మదిగా అడిగింది: "అమ్మా, ఓటి తీసుకోనా?"

ఏదైనా చేసేముందు ఒక్కసారి అడగవే అని ఇన్నాళ్లూ మొత్తుకున్న తల్లి, ఆ ప్రశ్న విని అందరిముందూ ఏడ్చింది.